మన కొండ రైలు బొమ్మ ఎవరు చేస్తారు?



పుణెలో చదువుకునేవాళ్లం, ఉద్యోగాలు చేసుకునేవాళ్లం, అరకు వైపు నుంచి వచ్చిన ఐదుగురం పోయిన ఆదివారం కోత్రుడ్‌లో ఉన్న జోషి గారి చిన్న రైళ్ల మ్యూజియం చూసొచ్చాం. ఇది రైల్వే వాళ్లు కట్టింది కాదు. బి.ఎస్. జోషి అనే ఆయనకు బొమ్మ రైళ్లంటే ప్రాణం. ఆ ఇష్టంతోనే తయారుచేసి 1998లో అందరికీ తెరిచారు. ఇప్పుడు ఇంటివాళ్లే నడుపుతున్నారు.

ఒక్క హాల్లో ఊరికి ఊరే ఉంది. కొండలు, సొరంగాలు, ఫ్లైఓవర్లు, సర్కస్ డేరా కూడా! సిగ్నల్ పడితే బండి ఆగుతుంది. కాసేపటికి లైట్లు తగ్గించి రాత్రి చేస్తారు. అప్పుడు బుల్లి ఇళ్లలో దీపాలు వెలుగుతాయి. నోరు తెరుచుకుని చూశాం.

ఇలాంటి రైళ్లు అసలు రైలులో 87వ వంతు ఉంటాయి. బయట టీ తాగుతూ మన కొత్తవలస–కిరండూల్ లైనుకి ఆ లెక్క వేశాం. సుమారు 445 కిలోమీటర్ల లైను బొమ్మలో కూడా 5 కిలోమీటర్లు దాటుతుంది. 996 మీటర్ల ఎత్తున్న శిమిలిగూడ స్టేషన్‌ని 11 మీటర్ల పైన, అంటే మూడంతస్తుల మేడ మీద పెట్టాలి. పైగా 58 సొరంగాలు! భలే నవ్వుకున్నాం.

నవ్వు ఆగాక మాలో ఒకరు అడిగారు: "సరే, అందులో మనుషుల్ని ఎవర్ని పెడతాం?"

1960లలో ఆ లైను వేసింది మన కోసం కాదు, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి దించి జపాన్ పంపడానికి. ముందు ఖనిజం బళ్లు తిరిగాయి, ఆ తర్వాతే మనం ఎక్కే ప్యాసింజరు వచ్చింది. ఇప్పుడు అద్దాల పెట్టె కూడా ఉంది. అందులో కూర్చున్నవాళ్లకి మన ఊళ్లు బొమ్మల్లాగే కనిపిస్తాయి. సీతాఫలాల గంపతో పెట్టె పెట్టెకీ పరిగెత్తే అక్క, హాస్టల్ ట్రంకుపెట్టె మోసుకొచ్చే పిల్లోడు మాత్రం ఎవరి ఫొటోలోనూ పడరు.

మాలో ఒకరి తాత సొరంగం పనికి కూలికెళ్లాడట. "మందు పేలాక పొగ పోయేదాకా బయట కూర్చునేవాళ్లం" అనేవాడట. ఆయన పోయాడు, ఆ ఒక్క మాటే మిగిలింది. అలాంటి పెద్దవాళ్లు ఇంకా ఎందరు ఉన్నారో, ఎన్నాళ్లు ఉంటారో!

అందుకే ఒకటి అనుకున్నాం. 5 కిలోమీటర్లు మనవల్ల కాదు. ఒక్క స్టేషన్, ఒక్క సొరంగం చాలు. వెదురు, మట్టి, అట్టముక్కలు మన దగ్గరే ఉన్నాయి. వేసవి సెలవుల్లో కూర్చుంటే అయిపోతుంది. దానికన్నా ముందు ఇంటికెళ్లినప్పుడు తాతల్ని, అవ్వల్ని అడిగి, కువి అయినా, ఆదివాసీ ఒడియా అయినా, వాళ్ల మాటలోనే ఫోన్‌లో రికార్డు చేద్దాం. పట్టాలు పడకముందు అక్కడ ఏ పొలం ఉండేది? పనికి ఎవరెళ్లారు? మొదటి బండి కూత విని ఊరు ఏమనుకుంది?

మీ ఊరికి దగ్గర స్టేషన్ ఏది? మీ ఇంట్లో ఎవర్ని అడగొచ్చు? కింద రాయండి, అక్కణ్ణుంచే మొదలుపెడదాం.