మెత్తని కర్ర కలము

ఎర్రకర్ర అనగానే మనవారికి ఎర్రచందనమే గుర్తుకు వస్తుంది. అది శేషాచలం కొండల సొత్తు, నీళ్లలో మునిగేంత బరువు. అమెరికాలోని రెడ్‌వుడ్ మహావృక్షము పేరుకు ఎర్రదే గాని దాని కర్ర మెత్తన. అటువంటి మెత్తదనము మన ప్రాంతములో అంకుడు కర్రకున్నది. కొందరు పాలకొడిశ అంటారు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక బొమ్మలు చేసేది దీనితోనే. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మా సంఘములో పదవ తరగతితో చదువు ఆపిన యువకుడొకడు ఈ కర్రతో కలములు చేస్తున్నాడు. మేము వారింటికి వెళ్లినప్పుడు తండ్రి, "అయ్యగారూ, మీరన్నా చెప్పండి. కూలికి పోతే సాయంత్రానికి డబ్బులొస్తయి. ఈ పుల్లలు చెక్కితే ఏమొస్తది?" అన్నాడు.

మెత్తని కర్ర గనుక పని సులువనుకున్నాము. అలా కాదట. ఉలి మొద్దుబారితే కర్ర తెగదు, పీచు లేస్తుంది. రీఫిల్లు కోసం నిలువునా రంధ్రము చేసేటప్పుడు తొందరపడితే ముక్క చీలిపోతుంది. మాటిమాటికి డ్రిల్లు బయటకు తీసి పొట్టు దులపాలి. లోపల ఇత్తడి గొట్టము అంటించి, లేతు మిషను మీద తిప్పుతూ సన్నగా చెక్కాలి. ఉప్పుకాగితము పట్టాక, తిరుగుతున్న కర్రకు రంగు లక్క అదిమితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో మెరుగు. లక్క లేకపోతే చేతి చెమట పీల్చి కలము నల్లబడుతుంది.

ఇంతలో పట్నపు వ్యాపారి ఒకడు వచ్చి, టేకు ముక్కలు తానే తెస్తాననీ, రెట్టింపు ధర ఇస్తాననీ, అవి ఎక్కడివో మాత్రము అడగవద్దనీ అన్నాడు. 2014లో చుట్టుపక్కల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పటి నుండి భద్రాచలం దాటితే పక్క రాష్ట్రమే. దొంగకర్రతో పట్టుబడితే మిషను పోతుంది, కేసు మిగులుతుంది. ఇంట్లో అప్పున్నది, మిషను కొన్నదీ అప్పుతోనే. అయినా అబ్బాయి వద్దన్నాడు. తండ్రి ఆ రాత్రి అన్నము తినలేదని తల్లి మాతో చెప్పింది. ఆయన బాధను మేము తప్పుపట్టలేము.

మొన్న గాలివాన తర్వాత ఆయనే చేనిగట్టు మీద విరిగిపడిన అంకుడు కొమ్మను భుజాన వేసుకొచ్చాడు.

"ఇది పనికొస్తదేమో చూడరా."

అబ్బాయి గోటితో బెరడు గీరి, "పచ్చిగున్నది నాయనా. నీడలో ఆరాలె" అన్నాడు.

ఆయన మరేమీ అనక దాన్ని అటక మీదికెక్కించాడు.