అతుకుల రెక్కలు

1930 మే 5వ తేదీ ఉదయం లండన్ దగ్గరి క్రాయ్డన్ విమానాశ్రయం నుంచి ఒక చిన్న విమానం గాలిలోకి లేచింది. సాగనంపడానికి వచ్చినవారు గుప్పెడు మంది. వారిలో ఒకరు ఆ విమానం నడుపుతున్న అమ్మాయి తండ్రి. ఆమె పేరు ఎమీ జాన్సన్, వయస్సు ఇరవై ఆరు. వెళ్ళవలసిన చోటు ఆస్ట్రేలియా. దూరం దాదాపు 17,700 కిలోమీటర్లు. అంతవరకు ఆమె ఒంటరిగా చేసిన అతి పెద్ద విమాన ప్రయాణం లండన్ నుంచి సొంత ఊరు హల్ వరకే. అది రైలులో ఒక పూట దారి.

1928లో బెర్ట్ హింక్లర్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా పదిహేనున్నర రోజుల్లో చేరాడు. అంతకన్నా ముందుగా చేరాలని ఎమీ పట్టుదల.

ఎమీ తండ్రి చేపల వర్తకుడు. ఆమె విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొని, లండన్‌లో ఒక న్యాయవాదుల కార్యాలయంలో టైపిస్టుగా చేరింది. ఊరి చివర స్టాగ్ లేన్ అనే చోట విమానం నడపడం నేర్పే క్లబ్బు ఉండేది. అక్కడ ఆమె నడపడంతో తృప్తి పడలేదు. ఉద్యోగానికి పోయేముందు, ఉద్యోగం నుంచి వచ్చాక మరమ్మతుల షెడ్డులో మెకానిక్కుల పక్కన నిలబడి ఇంజన్లు విప్పడం, శుభ్రం చేయడం, మళ్ళీ బిగించడం నేర్చుకుంది. చేతులకు నూనె మరకలు, గోళ్ళలో మసి. 1929 డిసెంబరులో విమానాల మరమ్మతుకు ప్రభుత్వం ఇచ్చే లైసెన్సు సంపాదించింది. బ్రిటన్‌లో ఒక స్త్రీకి అలాంటి లైసెన్సు రావడం అదే మొదలు. ఆ తరువాత పత్రికలన్నీ ఆమెను ‘టైపిస్టు పిల్ల’ అనే మురిపెంగా రాశాయి. ఆమె చేతిలోని పానాను మాత్రం అంతగా పట్టించుకోలేదు.

విమానం కొత్తది కాదు. ‘జిప్సీ మాత్’ అనే రకానికి చెందిన పాతదాన్ని ఆరు వందల పౌన్లకు కొన్నారు. సొమ్ము తండ్రి కొంత, నూనెల వ్యాపారి వేక్‌ఫీల్డ్ ప్రభువు కొంత ఇచ్చారు. తండ్రి చేపల వ్యాపారపు గుర్తు అయిన ‘జేసన్’ అనే పేరునే ఆమె దానికి పెట్టింది. ఆ విమానం ఎలా ఉండేదో ఊహించండి. చెక్క చట్రం, దాని మీద బిగించిన గుడ్డ, కప్పు లేని ఆసనం. రేడియో లేదు. చక్రాలకు బ్రేకులు లేవు. అందుచేత దిగిన తరువాత దానంతట అది ఆగేవరకు నేల మీద పరుగెత్తవలసిందే. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. ముందు దీనితో పని ఉంది.

ఎమీ పటం మీద బద్ద పెట్టి, వీలైనంత తిన్నని గీత గీసుకొని బయలుదేరింది. వియన్నా, ఇస్తాంబుల్ దాటింది. టర్కీలోని టారస్ పర్వతాలను మబ్బులు కమ్మేశాయి. శిఖరాల పైకి ఎగరడానికి జేసన్‌కు శక్తి చాలదు. కొండల నడుమ ఇరుకు లోయలో, రైలు పట్టాలను చూసుకొంటూ దారి వెదుక్కుంది. బాగ్దాద్‌కు ముందు ఎడారిలో ఇసుక తుఫాను విమానాన్ని కిందికి విసిరింది. ఎలాగో దింపి, ఇంజను మీద గుడ్డ కప్పి, చక్రాలకు తన సామాను అడ్డం పెట్టి, చేతిలో రివాల్వరుతో గాలి తగ్గేవరకు కాచుకొంది. ప్రతి రాత్రీ విమానం దిగాక ఆమెకు విశ్రాంతి లేదు. ముందు ఇంజను పని, తరువాతే నిద్ర. ఆ నిద్ర కూడా మూడు గంటలే.

మే 10న కరాచీ చేరింది. అప్పటికి ఆరు రోజులు. హింక్లర్ కన్నా రెండు రోజులు ముందు! అప్పుడు ప్రపంచం ఆమెవైపు తిరిగి చూసింది.

కరాచీ నుంచి అలహాబాదు చేరాలనుకుంది. పెట్రోలు చాలలేదు. ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. సైనికులు చెదిరి పరుగులు తీశారు. విమానం ఆగక పోయి రెక్కను గాయపరచుకుంది. అక్కడివారే దానిని బాగుచేసి పంపారు.

కలకత్తా దాటితే బర్మా. మే నెల నడుమ, అక్కడ వానలు మొదలయ్యాయి. రంగూన్ తెలుగువారికి కొత్త ఊరు కాదు. మన తీరం నుంచి ఓడలెక్కి వెళ్ళిన వేలాదిమంది కూలీలు ఆ కాలంలో ఆ రేవులోనే బరువులు మోసి బతికేవారు. మన పెద్దలు ఆ ఊరిని ‘రంగం’ అనేవారు. ఎమీ అక్కడి గుర్రప్పందాల మైదానంలో దిగాలి. వానలో ఏమీ కనబడక, ఊరికి దూరంగా ఇన్‌సెయిన్ అనే చోట ఒక సాంకేతిక విద్యాలయపు ఆటస్థలాన్ని చూసి అదే అనుకుంది. దిగింది. విమానం ఆగలేదు, బ్రేకులు లేవు కదా! మైదానం చివరి గుంటలోకి ముక్కు దించింది. ప్రొపెల్లరు విరిగింది, చక్రాల అమరిక చెడింది, రెక్క చిరిగింది. అంతవరకు నిబ్బరంగా ఉన్న ఎమీ ఏడ్చేసింది.

అయితే అది విరిగినది యంత్రాల పని నేర్పే బడి ముంగిట. విద్యార్థులు, ఉపాధ్యాయులు పనిలోకి దిగారు. విమానానికి కట్టి తెచ్చిన అదనపు ప్రొపెల్లరు ఉంది. మరి రెక్కకు గుడ్డ? అది బజారులో దొరికే రకం కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాల గుడ్డను అమ్మేశారు. ఆ ఊళ్ళో కొందరు ఆ గుడ్డతో చొక్కాలు కుట్టించుకొని ఉన్నారు. ఇప్పుడు ఆ చొక్కాలు మళ్ళీ విమానం రెక్కలయ్యాయి. హింక్లర్‌ను దాటే అవకాశం జారిపోయింది ఇక్కడే. కాని ఈ యాత్ర మొత్తంలో చెప్పుకోదగిన రోజులు కూడా ఇవే. ఆకాశంలో ఆమె ఒంటరిది, నిజమే. నేల మీద మాత్రం పేర్లు కూడా మిగలని ఎందరో ఆమె పక్కన కూర్చుని సూది, సుత్తి పట్టారు.

జావాలో చెరకు తోటల నడుమ దిగినప్పుడు వెదురు కొయ్యలు గుచ్చుకొని రెక్కలకు మళ్ళీ చిల్లులు పడ్డాయి. ఈసారి గాయాలకు అంటించే ప్లాస్టరే అతుకు. టిమోర్ ద్వీపంలో చీకటి పడేవేళ ఒక పల్లె దగ్గర దిగిపోతే, ఒక రోజంతా ఆమె ఆచూకీ బయటి లోకానికి తెలియలేదు. ఆఖరున మిగిలింది ఎనిమిది వందల కిలోమీటర్ల సముద్రం. నడుమ ఒక నూనె ఓడను ఆమె కోసం నిలిపారు. దాన్ని చూసి దారి సరేననుకొంది. మే 24న డార్విన్‌లో దిగింది. పందొమ్మిదిన్నర రోజులు పట్టింది. హింక్లర్ రికార్డు నిలిచింది. ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియాకు ఒంటరిగా వచ్చిన మొదటి స్త్రీ ఎమీ అయింది. ఐదు రోజుల తరువాత బ్రిస్బేన్‌లో, వేలాది జనం చూస్తుండగా, విమానం తలకిందులైంది. ఆమెకు దెబ్బ తగలలేదు.

పదివేల పౌన్ల బహుమానం, బిరుదు, ఊరేగింపులు వచ్చాయి. జేసన్ తరువాత లండన్ సైన్స్ మ్యూజియానికి చేరింది. 1932లో ఎమీ దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కు కూడా ఒంటరిగా ఎగిరింది. రెండవ ప్రపంచ యుద్ధంలో కర్మాగారాల నుంచి సైనిక స్థావరాలకు విమానాలు చేరవేసే పనిలో చేరింది. 1941 జనవరి 5న, మంచు కమ్మిన వేళ, ఆమె నడుపుతున్న విమానం థేమ్స్ నది సముద్రంలో కలిసే చోట పడిపోయింది. దగ్గరలో ఉన్న ఒక నౌక అధికారి వాల్టర్ ఫ్లెచర్, అలల్లో కనిపించిన మనిషిని కాపాడాలని ఆ చలి నీటిలోకి దూకాడు. ఆయన కూడా బతకలేదు. ఎమీ శరీరం దొరకలేదు.