మంట పుడితే పనిచేస్తున్నట్టే

"ఇందులో భయం ఎక్కడుందక్కా?" అన్నాడు మా తమ్ముడు, తెర మీద పేర్లు పడటం మొదలయ్యీ కాకముందే. "గంట పైన కూర్చోబెట్టారు. ఒక్కసారైనా ఉలిక్కిపడ్డామా?"

"భయం సంగతి సరే మామయ్యా, నాకు తెలిసిందే మళ్ళీ చెప్పినట్టుంది" అంది మా అమ్మాయి. "ప్రకటనలు అబద్ధాలాడతాయని ఎవరికి తెలీదు?"

మా ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "పాపం, ఆ మొగుడు ఏం చేశాడని?" అన్నారు. సోఫా మూల దుప్పటి కప్పుకుని కూర్చున్న మా అమ్మ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. నా అరచేతులు చల్లబడి ఉన్నాయి.

2022 దీపావళి వెళ్ళిన వారం అది. పండక్కి గుంటూరు నుంచి వచ్చిన తమ్ముడు ఇంకా మా దగ్గరే ఉన్నాడు. ఆ వారమే నెట్‌ఫ్లిక్స్‌లో 'గిల్లెర్మో డెల్ టోరోస్ క్యాబినెట్ ఆఫ్ క్యూరియాసిటీస్' వచ్చింది. అక్టోబరు 25 నుంచి 28 దాకా రోజుకు రెండు చొప్పున ఎనిమిది కథలు, ఎనిమిది మంది దర్శకులు. ప్రతి కథకూ ముందు ఆ సిరీస్ రూపకర్త డెల్ టోరో చీకట్లోంచి నడిచి వస్తాడు. చెక్క బీరువా సొరుగు లాగి ఒక వస్తువు తీస్తాడు, దాని పక్కన ఆ కథ దర్శకుడి చిన్న బొమ్మ పెడతాడు. కథ చెప్పబోయే పెద్దమనిషి ముందు దీపం వత్తి సరిచేసుకున్నట్టుంటుంది. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది.

ఆ శనివారం రాత్రి మేం చూసినవి 26న వచ్చిన జంట కథలు. మొదటిది 'ది ఆటాప్సీ'. గనిలో పేలుడు, శవాలు, వాటిని కోసి కారణం చెప్పడానికి వచ్చిన ముసలి డాక్టరు, ఆ డాక్టరుగా ఎఫ్. ముర్రే అబ్రహామ్. అది చూసినవాళ్ళలో బాగా లేదన్నవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు. మా ఇంట్లోనూ అంతే. తమ్ముడు కుర్చీలోంచి ముందుకు వంగి చూశాడు. రెండోది 'ది అవుట్‌సైడ్'. దాని దగ్గరికి వచ్చేసరికి ఇల్లు నాలుగు ముక్కలైంది. తరవాత ఆ సిరీస్ చూసిన స్నేహితుల్ని అడిగితే వాళ్ళదీ అదే వరస. కొందరికి ఎనిమిదింటిలో అదే గొప్పది, కొందరికి సాగదీసిన వ్యంగ్య కథ. మధ్యస్థంగా ఉందన్నవాళ్ళే తక్కువ.

ధారావాహికకైతే ప్రేక్షకుడు క్రమంగా అలవాటు పడతాడు. నాలుగో భాగం నీరసంగా ఉన్నా పాత్రల మీద మమకారం కొద్దీ సర్దుకుపోతాడు. ఇలాంటి కథల సంపుటిలో ఆ వీలు లేదు. ప్రతి గంటా కొత్త ఇల్లు, కొత్త మనుషులు, పైగా ఇంతకుముందు కథ పెట్టిన రుచి ఇంకా నాలుక మీదే ఉంటుంది. శవాల కథ చూసి లేచిన తమ్ముడికి వెంటనే 'ది అవుట్‌సైడ్' పెడితే, భయం ఇంకా గుమ్మం దాటి రాలేదనే అనిపిస్తుంది. వాడు తొంభైల్లో 'జీ హారర్ షో', 'ఆహట్' చూసి పెరిగినవాడు. తలుపు కిర్రుమనాలి, దీపం ఆరాలి. దాన్ని నేను తక్కువ చేయను. ఆ రోజుల్లో ఇద్దరం ఒకే దుప్పటి కిందికి దూరి చూసేవాళ్ళం.

'ది అవుట్‌సైడ్' కథ ఇది. స్టేసీ బ్యాంకులో పనిచేస్తుంది. తోటి ఆడవాళ్ళంతా నిగనిగలాడుతూ, గుసగుసలాడుకుంటూ ఒక గుంపుగా ఉంటారు. ఈమె ఆ గుంపు అంచున నిలబడి వాళ్ళు నవ్వినప్పుడు తనూ నవ్వబోయి ఆగిపోతుంది. చచ్చిన పక్షులకూ జంతువులకూ తోలు తీసి, కూరి, బతికున్నట్టు నిలబెట్టడం ఆమె సరదా. క్రిస్మస్‌కి ఆ బ్యాంకు ఆడవాళ్ళలో ఒకరింట్లో విందు జరుగుతుంది. స్టేసీ తను స్వయంగా చేసిన బాతును కానుకగా పట్టుకెళ్తుంది. అక్కడ మిగతావాళ్ళందరికీ దొరికిన కానుక ఒక్కటే, 'ఆలో గ్లో' అనే లోషన్. అందరూ పూసుకుంటారు. ఈమె చర్మం మాత్రం ఎర్రగా దద్దుర్లు తేలుతుంది.

అసలు కథ ఇంటికి వచ్చాక మొదలవుతుంది. రాత్రి టీవీలో ఆ లోషన్ అమ్మే మనిషి ఈమెతోనే మాట్లాడతాడు. ఆ పాత్ర డాన్ స్టీవెన్స్‌ది. ఆ దురద, ఆ మంట మందు పనిచేస్తోందనడానికి గుర్తేనంటాడు. మానొద్దంటాడు. ఈమె పెట్టెలు పెట్టెలుగా తెప్పించుకుంటుంది. మొగుడు కీత్ పోలీసు, నెమ్మదస్థుడు. నీకు పడటం లేదు, మానెయ్, నువ్వు ఎలా ఉన్నావో అలాగే నాకు ఇష్టం అని రకరకాలుగా చెబుతాడు. చివరికి ఆమె అతన్ని చంపుతుంది. ఆ లోషన్‌లో మునిగి కొత్త చర్మంతో లేస్తుంది. మొగుణ్ణి కూడా తన పక్షుల్లాగే కూరి సోఫాలో కూర్చోబెడుతుంది. మర్నాడు బ్యాంకులో ఆడవాళ్ళు ఆమెను తమ గుంపు మధ్యలోకి లాక్కుంటారు. అంతే.

దీనికి మూలం కెనడా బొమ్మల కథల రచయిత్రి ఎమిలీ కారల్ 2016లో రాసిన చిన్న కథ. తెరకు రాసింది హేలీ జెడ్. బోస్టన్, తీసింది ఆనా లిలీ అమీర్‌పోర్. స్త్రీలు రాసి, స్త్రీ తీసిన కథ కాబట్టి ఆడవాళ్ళకు నచ్చింది, మగవాళ్ళకు నచ్చలేదు అనుకుంటే పొరపాటు. ఈ కథను గట్టిగా కాదన్నది మా అమ్మాయే.

"ఆ రోజుల్లో మీకు కొత్తేమో అమ్మా. మా క్లాసులో ఎవరిని అడిగినా చెబుతారు, తెల్లక్రీములు మోసమని. స్టేసీకి ఆ మాత్రం తెలీదా? తెలివితక్కువదాన్ని చూసి భయపడమంటే ఎలా?" అంది. ఇంకో మాట కూడా అంది, అది ఆలోచించదగ్గదే. "ఆ నటి ఏం అందంగా లేదు? కేట్ మికూచీకి పాత బట్టలు వేసి, కెమెరా మొహం మీదికి తెచ్చి, వంకర లెన్సుతో చూపించి అందం లేదు అనుకోమన్నారు."

నాకు వెంటనే 'ది ట్విలైట్ జోన్' టీవీ సిరీస్ గుర్తొచ్చింది. 1960 నవంబరు 11న వచ్చిన 'ఐ ఆఫ్ ది బిహోల్డర్' అనే భాగం. ముఖమంతా కట్లు కట్టిన ఒక స్త్రీ. మామూలు మనుషుల్లా కనబడటానికి ఆమెకది పదకొండో చికిత్స. కట్లు విప్పుతారు. ఆమె ముఖం చూసి డాక్టర్లు వెనక్కి జంకుతారు. మనకు కనిపించేది మాత్రం చక్కని ముఖం. పంది మూతుల్లాంటి ముఖాలు ఆ డాక్టర్లవి. ఇన్నేళ్ళుగా అందరూ మెచ్చుకునే భాగం అది. కానీ కట్ల లోపల నటించింది ఒకరు, మాక్సీన్ స్టూవర్ట్; కట్లు విప్పాక కనబడ్డ ముఖం ఇంకొకరిది, డోనా డగ్లస్. ఆ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు ఆ కథ మీద చిన్న ఫిర్యాదు ఉంది. మన కంటికి కూడా ఆమె బాగుండకపోతే ఆ కథ నిలిచేదా? లోకానిదే తప్పు, నీ కన్ను సరిగానే ఉంది అని మనల్ని ఇంటికి పంపించేసింది. 'ది అవుట్‌సైడ్' అలా పంపదు. ముందు ముఖమూ తరవాతి ముఖమూ ఒకే నటివి. మొదటి దాన్ని చూస్తున్నప్పుడు నేను మనసులో ఏం అనుకున్నానో నాకు తెలుసు.

ఇదంతా మా అమ్మాయికి చెప్పాను. "అది సినిమా తీసినవాళ్ళ తెలివి. భయం కాదు" అంది. నేను వాదించలేదు. ఇరవై నిండని పిల్లకు ఆ కథ పాతగా అనిపిస్తే నాకు లోలోపల సంతోషమే.

నా అరచేతులు చల్లబడటానికి కారణం వేరే ఉంది.

1999లో గుడివాడలో నాకు పెళ్ళిచూపులు. రెండు సంబంధాలు వచ్చి వెళ్ళిపోయాయి. రెండిటికీ ఒకటే కబురు, పిల్ల కాస్త రంగు తక్కువ. మా నాన్న వసారాలో కూర్చుని "మా అమ్మాయికేం తక్కువ? వాళ్ళ కళ్ళు పాడు" అనేవారు. ఆ మాట ఆయన గుండెల్లోంచే వచ్చేది. నాకు మాత్రం ఏమీ చేసేది కాదు. పసుపూ సున్నిపిండీ మీగడా అయిపోయాయి. అప్పుడు మా పిన్ని మందుల షాపు నుంచి ఒక ట్యూబు తెచ్చింది. చీటీ లేదు, డాక్టరు లేడు. రాత్రి పడుకోబోయే ముందు రాసుకోమంది. పదిహేను రోజుల్లో ముఖం తేటబడింది. చూసినవాళ్ళందరూ అన్నారు. పాలబ్బాయి కూడా "ఏంటమ్మా, ఊరెళ్ళొచ్చారా?" అన్నాడు. అద్దం ముందు నిలబడటం ఇష్టంగా ఉండేది.

ఒకసారి ట్యూబు అయిపోయి రెండు రోజులు రాయలేదు. చెంపలు కాలిపోయాయి. ఎర్రగా, పొట్టు లేచినట్టుగా. "మంట పుడుతోంది పిన్నీ" అన్నాను. "మంట పుడితే పనిచేస్తున్నట్టే. మళ్ళీ రాయి, చల్లబడుతుంది" అంది. రాశాను, చల్లబడింది. ఆమె ప్రేమగానే అంది. తన డబ్బుతో కొని తెచ్చింది. మూడో సంబంధం మా ఆయనది.

పెళ్ళయిన నెలకు ఆ ట్యూబు మానేస్తే ముఖమంతా మొటిమలు, మంట, ఎండలోకి వెళ్ళలేనంత. చర్మ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది మా ఆయనే. డాక్టరు ట్యూబు పేరు విని కలం పక్కన పెట్టాడు. అందులో స్టెరాయిడ్ ఉందన్నాడు. అది ముందు రంగు తగ్గించి, తరవాత చర్మాన్ని పలచన చేస్తుంది. మానితే తిరగబడుతుంది. ఇలా పాడైన ముఖాలను మన దేశంలో చర్మ వైద్యులు ఎన్ని చూశారంటే, ఆ స్థితికి వాళ్ళు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవాల్సి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం స్టెరాయిడ్ పూతమందుల్లో చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చింది. నా ముఖం మామూలవడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరా మా ఆయన రోజూ చెప్పేవారు, నాకేం తేడా కనబడటం లేదు, నువ్వు బాగానే ఉన్నావు అని.

కాబట్టి ఆ రాత్రి "పాపం, ఆ మొగుడు" అన్నది ఎవరో తోవన పోయే ప్రేక్షకుడు కాదు. కీత్ గురించి మా ఇద్దరికీ జరిగిన వాదనే నాకు ఈ వ్యాసం రాయాలనిపించిన కారణం.

"అతను మంచివాడు. అంతకంటే ఏం చేయాలి? బాగాలేవు అనాలా?" అన్నారు మా ఆయన.

"మంచివాడే. కానీ ఆమె అడిగింది నీ కంటికి నేను బాగున్నానా అని కాదండీ. ఆ గుంపులో ఎలా కూర్చోవాలి అని. దానికి అతని దగ్గర జవాబు లేదు."

"ఎవరి దగ్గర ఉంటుంది?"

నా దగ్గరా లేదు. వసారాలో నాన్న మాట నన్ను ఆదుకోలేదు, అబద్ధమై కాదు. ఆ మాట చెల్లే చోటు మా గడప లోపలే. పెళ్ళివారి గదిలో చెల్లదు. ఆ కథలో నన్ను భయపెట్టింది నేలమాళిగలో లోషన్ మనిషి ఆకారం తేలడం కాదు. ఇంట్లో దొరికే ప్రేమ అంత నిజమైనదై ఉండీ, నలుగురు ఆడవాళ్ళ ఓరచూపు ముందు అంత తేలిగ్గా తూగడం. స్టేసీని చూసి తెలివితక్కువది అన్నవాళ్ళకు ఆ గది ఎదురుపడి ఉండదు. సాగదీశారు అన్నవాళ్ళతో కూడా నేను ఏకీభవించలేను. మంట పుట్టిన చోట గోకడం, కాసేపు ఆగడం, మళ్ళీ గోకడం, దానికి అంత సేపూ పడుతుంది. దర్శకురాలికి ఆ సంగతి తెలుసు.

మధ్యలో ఒక చిన్న విషయం. మన దేశంలో 1975 నుంచి అమ్ముతున్న 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి 'గ్లో' పెట్టుకుంది. కారల్ కథలో 'ఆలో గ్లో' అంతకు నాలుగేళ్ళ ముందే ఉంది. ఎక్కడో కెనడాలో కూర్చుని బొమ్మలు గీసే మనిషికి ఆ మాటే తట్టడం నాకు విచిత్రంగా తోచింది.

ఆ రాత్రి చివరి దృశ్యం మళ్ళీ పెట్టమంది మా అమ్మాయి. గుంపు మధ్యలో స్టేసీ కొత్త ముఖం, కెమెరా దాని మీదే ఆగిపోతుంది, చాలా సేపు. నవ్వుతోందని తమ్ముడు, ఏడుస్తోందని మా అమ్మాయి. రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాం. పెదాలు నవ్వుతున్నాయి, కళ్ళు ఎవరో పిలుస్తారేమో అన్నట్టు చుట్టూ చూస్తున్నాయి. రెండోసారి తమ్ముడు కూడా మాట్లాడలేదు.

కథ పొడుగునా అమ్మకు నేను తెలుగులో చెబుతూ వచ్చాను. లోషన్ అంటే పూసుకునే మందు అన్నాను. టీవీలో మనిషి ఆ పిల్లతోనే మాట్లాడుతున్నాడా అని ఒకసారి అడిగింది, అవునన్నాను. మొగుణ్ణి చంపినప్పుడు "అయ్యో" అని దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఇప్పుడు ఆ ముఖాన్ని చూస్తూ అడిగింది:

"అది సరే గానీ అమ్మాయ్, ఆ పిల్లకి పుట్టింటివాళ్ళు ఎవరూ లేరా? ఎవరో ఒకరు వచ్చి ఆ సీసా అవతల పారేయరూ?"

నాకు ఆ ట్యూబు ఇచ్చింది పుట్టింటివాళ్ళే. రోజూ రాత్రి నా ముందు అద్దం పట్టుకున్నది అమ్మే. ఆ మాట అమ్మతో అనలేదు. టీవీ కట్టేసి, ఆమెకు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాను.