అమ్మ హాజరు ఎవరి చేతిలో?



2023 జనవరి నుంచి ఉపాధి హాజరు యాప్‌లోనే వేయాలని కేంద్రం చెప్పింది. మా గూడెంలో సిగ్నల్ లేదు. మేట్ ఫోటో తీశాడు గానీ అది ఎక్కలేదు. అమ్మకి మూడు రోజుల కూలి పోయింది.

పంచాయతీలో అడిగితే మండలానికి పొమ్మన్నారు. మండలంలోనేమో "మా చేతిలో ఏం లేదు, అంతా ఢిల్లీ నుంచే" అన్నారు. అమ్మ మట్టి మోయడం ఊరంతా చూసింది. ఊరి మాట మాత్రం ఎక్కడా చెల్లలేదు.

1996 పెసా చట్టంలో లబ్ధిదారుల్ని గుర్తించేది, ఖర్చుకి ధ్రువీకరణ ఇచ్చేది గ్రామసభే. ఉపాధి పనుల సామాజిక తనిఖీ కూడా సభదే. కానీ నేనే రిజిస్టర్ ఇంటికొస్తే చదవకుండా సంతకం పెట్టేవాణ్ణి.

ఈసారి సభకి వెళ్లి ఆ మూడు రోజులూ తీర్మానంలో రాయించాను. కూలి ఇంకా రాలేదు. కానీ ఊరి సాక్ష్యం కాగితం మీద ఉంది.

మీ ఊరి సభ ఎప్పుడో కనుక్కోండి. వెళ్లండి.