స్పార్టాలో ఆవగింజల లెక్క

సెయింట్ లూయిస్ నుంచి మొక్కజొన్న చేల మధ్య గంటకు పైగా కారులో వెళ్తే ఇల్లినాయ్‌లోని స్పార్టా వస్తుంది. ఒహాయోలోని వాండేలియాలో ఏళ్ల తరబడి జరిగిన గ్రాండ్ అమెరికన్ ట్రాప్ షూటింగ్ పోటీలు 2006 నుంచి ఇక్కడే. మొత్తం 120 ట్రాప్ ఫీల్డులు, మూడున్నర మైళ్ల పొడవునా ఒకే వరుసలో!

మా అమ్మాయి హైస్కూల్ జట్టుతో మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు తూటాలు కొన్నది నేనే. పెట్టెల మీద ఏడున్నర, ఎనిమిది, తొమ్మిది అని అంకెలు. పెద్ద అంకె అయితే పెద్ద గుండు అనుకుని తొమ్మిది తెచ్చాను. లెక్క తలకిందులు: అంకె పెరిగితే గుండు చిన్నదవుతుంది. తొమ్మిదో నంబరు గుండు 2 మిల్లీమీటర్లు, పోపుల పెట్టెలో ఆవగింజంత. ఏడున్నర 2.4. ఔన్సు సీసంలో తొమ్మిదివి దాదాపు 585, ఏడున్నరవి 350.

ఎక్కువుంటే మంచిదే కదా? స్కీట్‌లో మంచిదే, అక్కడ క్లే బిళ్ల ఇరవై గజాల చుట్టుపక్కలే ఎగురుతుంది. ట్రాప్‌లో అది మనకు దూరంగా పారిపోతుంది. గుండ్లు అందుకునేసరికి ముప్పై అయిదు గజాలు దాటొచ్చు. అంత దూరంలో చిన్న గుండుకు చేవ ఉండదు.

ఆ రోజు రెండు బిళ్లల మీద దుమ్ము లేచింది, ముక్క రాలలేదు. ఇక్కడి నియమం ప్రకారం దుమ్ముకు పాయింటు లేదు, కంటికి కనిపించే ముక్క ఊడాలి. 25కి 21 వచ్చాయి. తను నా వైపు చూసిందే గానీ ఏమీ అనలేదు.

ఇప్పుడు పదహారు గజాల గీత మీద ఎనిమిది, వెనక 27 గజాల దాకా జరిగితే ఏడున్నర. డబ్బులు నావి, ఎంపిక తనది.

"నాన్నా, నువ్వు డ్రైవింగ్ చూసుకో చాలు" అంటుంది.