మా యింటి యంత్రము

నెలనెలా అప్పడముల నిలువను గూర్చియు, పసిపాపల దగ్గును గూర్చియు, కుట్టుపనిని గూర్చియు చదువుచుండెడి మీకు, అనంతపురము జిల్లాలో నొక ఉపాధ్యాయుని భార్య విడిభాగములు కొనితెచ్చి కంప్యూటరును తన చేతులతో కూర్చిన ముచ్చట వింతగా తోచవచ్చును. నాకును వింతయే. నేను బడిలో చదివినది స్వల్పము. మా తాతగారు వసారాలో పడకకుర్చీయందు కూర్చుండి భారతము, మొల్ల రామాయణము, కళాపూర్ణోదయము చెప్పగా విని నేర్చినదే నా విద్య. ఆ విద్యకును ఈ యంత్రమునకును సంబంధమేమని మీరడుగుదురు. చెప్పెదను.

మా యూరు కల్యాణదుర్గమునకు సమీపమున నున్నది. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వాన గల జిల్లా మాది. ఆ వానయు వేరుసెనగకు కావలసిననాడు రాదు, కాయలు పెఱికి కళ్లమున పోసిననాడు వచ్చును. మా మామగారు నాలుగు పర్యాయములు బోరు వేయించిరి. మూడింటిలో దుమ్ము తప్ప మఱేమియు రాలేదు. నాలుగవదానిలో 700 అడుగుల లోతున నీరు పడెను గాని రెండు వేసవులకే యెండిపోయెను. "బోరు వేయుటయు జూదమే. అయితే ఆ జూదమాడినవానిని ఎవ్వరును తిట్టరు" అని మా అత్తగారు నేటికిని అనుచుందురు.

తిట్లు తినిన జూదము మా పుట్టినింట జరిగినది. నా తమ్ముడు బెంగుళూరులో కంప్యూటర్లు మరమ్మతు చేయు నుద్యోగమున నుండెను. డబ్బు పెట్టి రమ్మీ యాడెడి యాప్ ఒకటి వాని చేతిఫోనులో చేరెను. 2023 దసరా నాటికి నాలుగు లక్షల యరువది వేలు పోయినవి. అందులో మా అమ్మ చేతి గాజులును గలవు. సంగతి బయటపడిన పిమ్మట వాడు ఒకటిన్నర సంవత్సరము మా గడప త్రొక్కలేదు. మావారు వానిని రావలదనలేదు, రమ్మనియు ననలేదు. ఆ సంక్రాంతినాడు వాని విస్తరి లేకయే మా భోజనములు ముగిసినవి. అమ్మ చేయి కడుగుకొనుటకు పెరటిలోనికి పోయి చాలసేపటివఱకు లోపలికి రాలేదు.

అట్టి యింటిలో 2024 చివర నొకనాడు మా పిల్లవాడు, "అమ్మా, పదవ తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొందును. నాకొక గేమింగ్ కంప్యూటరు కావలెను" అనెను. మావారు చేతిలోని పుస్తకము మూసి, "ఆట యను మాట ఈ యింటిలో వలదు" అని లేచిపోయిరి. వారు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో గణితము చెప్పుదురు. ఒక లెక్క తేల్చిన తరువాత దానిని మరల చూచు నలవాటు వారికి లేదు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ధర్మరాజు రాజ్యము నోడినదియు పాచికలతోనే, విరాటుని కొలువున కంకుడై కాలము గడపినదియు పాచికలతోనే గదా! నలుడు పుష్కరునితో నాడి సర్వము పోగొట్టుకొనెను. పిదప ఋతుపర్ణుని వలన అక్షహృదయము నెఱిగి మరల గెలిచెను. మన పెద్దలు ఆటను ఎఱుగనివారు కారు. పణముగా నొడ్డినదేమి యని మాత్రము చూచిరి. మా పిల్లవాడు ఆడగోరిన ఆటలలో డబ్బు పెట్టుట లేదు, ఒడ్డునది కాలము. కాలము తక్కువ ధనమా యందురేమో. కానే కాదు. అందువలననే దినమునకు గంటకు మించి యాడరాదని నియమము పెట్టితిని. ఆ నియమము నెలకు నాలుగైదు మార్లు తప్పుచునే యున్నది. మీయొద్ద దాచనేల?

అంగడిలో కూర్చి సిద్ధముగా నుంచిన యంత్రమునకు 85 వేలడిగిరి. భాగములు విడివిడిగా కొన్నచో తగ్గునని పిల్లవాడనెను. కూర్చువారెవ్వరని యడిగితిని. వాడు కొంతసేపు నేల చూచి, "మామకు వచ్చును గదమ్మా" అనెను.

ఆ మాటను మావారికి చేరవేయుటకు నాకు పది దినములు పట్టెను. వారు విని చాలసేపు మాటాడలేదు. చివరకు "వాని చేతికి రూపాయి ఈయరాదు" అనిరి. "డబ్బు నేనే యిత్తును, వస్తువు నేనే కొందును. వాడు నోటితో చెప్పును, నేను చేతితో చేయుదును" అంటిని. ఈ యొడంబడిక వలననే యంత్రము నా చేతిలో పడెను గాని నాకు తొలినుండి ఆ కోరిక యుండెనని తలపవలదు.

పదవ తరగతి ఫలితములు వచ్చిన పిదప, 2025 మే మొదటి వారమున, చీటీపాటలో వచ్చిన సొమ్ము రవికెలో దాచుకొని పిల్లవానితో బస్సెక్కి బెంగుళూరు పోయితిని. మెజెస్టిక్ బస్సు నిలయమున తమ్ముడు నిలుచుండెను. చిక్కిపోయెను. "అక్కా" అని మాత్రమనెను. ఎస్.పి. రోడ్డు వీధులలో నాలుగు గంటలు తిరిగితిమి. వాడు ఏ వస్తువు మేలో చెప్పుచు, బేరము ముగిసి నేను నోట్లు లెక్కించునప్పుడు మాత్రము చేతులు వెనుకకు కట్టుకొని వీధివైపు తిరిగి నిలుచుండెడివాడు. నేను చూచియు చూడనట్లుంటిని. రైజెన్ 5 5600 అను ప్రాసెసరు, మదర్‌బోర్డు, 16 జీబీల ర్యామ్, ఒక టెరాబైటు ఎస్ఎస్‌డీ, 550 వాట్ల ఎస్ఎంపీఎస్, కేబినెట్టు, మానిటరు, ఎవరో వాడి యమ్మిన గ్రాఫిక్స్ కార్డు, అన్నియు కలిసి 61,400 రూపాయలైనవి. ఇచ్చట నొక మాట. అదే ర్యామ్ ధర 2025 చివరకు రెట్టింపునకు పైగా పెరిగెను. కృత్రిమ మేధకై పెద్ద సంస్థలు జ్ఞాపకపు చిప్పులను మూటలుగా కొనుచుండుటయే కారణమట. మేము ముందే కొనుట మా యదృష్టము.

మఱునాడు తమ్ముడు మాతో కూడ వచ్చెను. మావారు "వచ్చితివా?" అనిరి. వాడు "వచ్చితిని బావా" అనెను. ఆనాటికి అంతే.

నడుమగదిలో చాప తీసివైచి బల్ల వేసితిమి. పట్టుచీరలు, నైలాను చీరలు పనికిరావు, నూలుచీర కట్టుకొమ్మని తమ్ముడు చెప్పెను. మా ప్రాంతపు పొడిగాలిలో బట్ట రాచుకొన్నంతనే వంటిలో విద్యుత్తు పుట్టునట. మనకది చిన్న చురుకు, చిప్పునకు మరణము. అందుచేత నడుమ నడుమ కేబినెట్టు ఇనుమును తాకుచుండవలెను. ప్రాసెసరు అగ్గిపెట్టె కన్న చిన్నది. దాని యడుగున 1331 సూదులు! మూలనున్న బంగారు త్రిభుజమును బోర్డుపైనున్న త్రిభుజముతో కలిపి, ఒత్తక, తన బరువుతో తాను దిగునట్లు విడువవలెను. మా పిల్లవాని తొందరలో ఒక సూది వంగెను. తమ్ముడు సరిచేయబోయెను గాని వాని చేతులు వణకుచుండెను. "నీ విటు ఇమ్ము" అని తీసికొంటిని. బియ్యములో రాళ్లేరిన కన్ను, మల్లెలు కట్టిన వ్రేళ్లు ఏనాటికి పనికివచ్చును? కుట్టుసూది మొనతో, ఊపిరి బిగబట్టి, దానిని నిలబెట్టితిని.

తరువాత థర్మల్ పేస్టు. చూపునకు లోహములు నున్ననే గాని వాని నడుమ కంటికానని సందులుండును, సందులలోని గాలి వేడిని పోనీయదు. ఆ సందులు నింపుటకే యీ లేపనము. బఠాణీగింజంత చాలును. మన యాడువారికి ఎక్కువ పెట్టిననే తృప్తి గదా! నేను రెండు గింజలంత పెట్టి మరల తుడిచితిని.

అన్నియు బిగించి మీట నొక్కగా లోపలి పంకలు తిరిగినవి, తెర మాత్రము చీకటి. మా అత్తగారు "ఇదియు ఎండిన బోరేనా?" అనిరి. పిల్లవాని కన్నులలో నీరు నిండెను. తమ్ముడు వెనుకకు వంగి చూచి, ఒక్కసారిగా నవ్వెను. తెర తీగను నేను మదర్‌బోర్డునకు తగిలించితిని. ఈ ప్రాసెసరులో బొమ్మ చూపించు శక్తి లేదు, తీగను గ్రాఫిక్స్ కార్డునకే తగిలించవలెను. మార్చినంతనే తెర వెలిగెను. ఏడాదిన్నర తరువాత వాని నవ్వు వింటిని. తెరను నేను సరిగా చూడనేలేదు.

మేనెలలో 41 డిగ్రీల యెండ. ఆట మొదలైన పావుగంటకు ప్రాసెసరు 85 డిగ్రీలకు చేరెడిది. 90 తాకినచో తన వేగమును తానే తగ్గించుకొనును. దుమ్ము సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. నేను పాత చీరకొంగు కత్తిరించి ముందఱి పంకలకు వడపోతగా కట్టితిని. దుమ్ము ఆగెను, గాలియు ఆగెను! అది తీసి దోమతెర గుడ్డ కట్టితిమి. లోనికి గాలి తెచ్చు పంకలు రెండును, బయటికి త్రోయునది యొకటియు నుంచినచో, లోపలి గాలి యొత్తిడి హెచ్చి, సందులగుండ దుమ్ము దూరదు. ఇక కరెంటు. పొలములలో మోటార్లు ఒక్కసారిగా కదలినప్పుడు మా దీపములు ముడుచుకొనును. యూపీఎస్ ఒకటి కొనక తప్పలేదు.

పోటీలు చూచుట నాకు పిల్లవాని వలన అబ్బినది. ఈ పోటీలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1972 అక్టోబరు 19న అమెరికాలో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున స్పేస్‌వార్ అను ఆటకు పోటీ పెట్టి, గెలిచినవానికి ఒక పత్రిక ఏడాది చందాను బహుమతిగా నిచ్చిరి. పత్రిక చందా! ఆ బహుమతి నాకిచ్చినను సంతోషింతును. స్వీడనులో మాలుంగ్ అను నూరి పాఠశాల నేలమాళిగలో, పిల్లలు తమ తమ కంప్యూటర్లు మోసికొని వచ్చి ఆరంభించిన కూటమే డ్రీమ్‌హ్యాక్ అయి, 2023లో హైదరాబాదు హైటెక్సు వఱకు వచ్చెను. అచ్చటనే 2024 జూన్ చివర, ఫోనులో నాడు బీజీఎంఐ ఆటకు రెండు కోట్ల రూపాయల బహుమతులతో తుదిపోటీలు జరిగెను.

మా యింట చూచునది కౌంటర్-స్ట్రైక్. అయిదుగురు అయిదుగురు రెండు పక్షములు. ముందుగా 13 ఆవృత్తములు గెలిచినవారిది జయము. తుపాకులు, బాంబులు చూచి మొదట నాకు రోత పుట్టెను. ఇప్పటికిని ఆ చప్పుడు తగ్గించియే చూతును. నన్ను పట్టినది దానిలోని పొదుపు. ప్రతి ఆవృత్తమునకు ముందు తమ వద్దనున్న సొమ్ముతో ఆయుధములు కొనవలెను. ఏకే-47 ధర 2700, ఏడబ్ల్యూపీ అను దూరపు తుపాకి 4750. సొమ్ము చాలనప్పుడు, ఈ యావృత్తము ఓడినను సరియేయని ఏమియు కొనక, రాబోవు దానికై కూడబెట్టుదురు. వరుసగా ఓడినవారికి ఓదార్పు సొమ్ము 1400 మొదలు 3400 వఱకు 500 చొప్పున పెరుగును. కరువు సంవత్సరమున విత్తనపుకాయలు తినక దాచిన మా అత్తగారికి ఈ సంగతి చెప్పగా, "ఇది తెలిసినవారే సృష్టించిరి" అనిరి. మావారు తలుపు వద్ద నిలిచి విని, మఱువారము పదవ తరగతిలో అంకశ్రేఢి చెప్పుటకు ఆ సంఖ్యలనే వాడుకొనిరట. పిల్లలు చెప్పగా తెలిసెను, వారు మాతో చెప్పలేదు.

మంగోలియా దేశపు జట్టు, ది మంగోల్జ్, మాకు ప్రీతిపాత్రము. అదియు వాన తక్కువైన దేశమే. 2025 జూన్ 22న ఆస్టిన్ నగరపు మేజర్ తుదిపోటీలో వారు వైటాలిటీ చేతిలో 2-1తో ఓడిరి. మాకప్పుడు అర్ధరాత్రి దాటినది. తమ్ముడు ఫోనులో "ఓడినవారిని చూడ మనసొప్పలేదక్కా, మధ్యలోనే కట్టివేసితిని" అనెను. జూలై చివర రియాద్ నగరమున ఈస్పోర్ట్స్ ప్రపంచకప్పులో తొలిసారిగా చదరంగమును చేర్చిరి. ఆటగానికి పది నిమిషములు మాత్రమే. మన ఓరుగల్లు బిడ్డ ఎరిగైసి అర్జున్ సెమీఫైనలు వఱకు పోయి నాలుగవ స్థానమున నిలిచెను. కార్ల్‌సన్ గెలిచెను. చదరంగమనగానే మావారు కుర్చీ తెచ్చుకొని తెర ముందఱ కూర్చుండిరి. అటుపిమ్మట ఆ కుర్చీ అచ్చటనే యుండిపోయెను.

ఆగస్టు 21న పార్లమెంటు ఆన్‌లైన్ ఆటల బిల్లును ఆమోదించెను. మఱునాడు రాష్ట్రపతి సమ్మతి లభించెను. డబ్బు పెట్టి యాడు ఆటలను నిషేధించి, ఈస్పోర్ట్సును ప్రోత్సహించు చట్టమది. తమ్ముడు ఆ వారాంతమున మా యింట నుండెను. మావారు వార్తాపత్రిక తెఱచి బిగ్గరగా చదివిరి: ఆడించినవారికి మూడేండ్ల వఱకు చెఱ, కోటి రూపాయల వఱకు జరిమానా. కొంచెమాగి, "ఆడినవానికి శిక్ష లేదు" అని ఆ పంక్తిని మఱియొక్కసారి చదివిరి. తమ్ముడు కేబినెట్టు ప్రక్కపలక విప్పి కుంచెతో దుమ్ము దులుపుచుండెను. తల యెత్తలేదు. కుంచె మాత్రము ఆగెను.

ఆదివారము రాత్రి రియాద్‌లో మంగోల్జ్ జట్టునకు తుదిపోటీ. ఎదుట అరోరా జట్టు. రెండు మ్యాపులు మావారే గెలిచిరి — మావారనగా మంగోలులు. మూడవదాని నడుమ కరెంటు పోయెను. యూపీఎస్ కూతలు పెట్టుచుండగా పిల్లవాడు దీపములన్నియు ఆపెను. తెర వెలుతురులో నలుగురమును ఊపిరి బిగబట్టితిమి. 3-0. పిల్లవాడు కేక వేసెను. తమ్ముడు కన్నులు తుడుచుకొనుచు, దుమ్ము పడెననెను.

యంత్రము కట్టివేసిన తరువాత, ఆ చీకటిలో మావారు, "బుధవారము వినాయకచవితి గదా. అమ్మను కూడ తోడ్కొని రా" అనిరి.

నేను కొవ్వొత్తి పట్టుకొని, కుడుములకు బెల్లము చాలునో లేదో చూచుటకు వంటయింటిలోనికి పోతిని.