అది మామూలే నాన్నా!

ఎం.ఎస్. పూర్తిచేసి ఉద్యోగంలో చేరాక, 2006 వేసవిలో మొదటిసారి ఇండియా వెళ్తూ నా డెస్క్‌టాప్ కంప్యూటర్‌ని సూట్‌కేసులో బట్టల మధ్య సర్ది తీసుకెళ్ళాను. తెనాలి దగ్గర పల్లెటూళ్ళో ఉన్న అమ్మానాన్నలకి కానుక! అమెరికాలో 120 వోల్టులు, మనదేశంలో 230. కాబట్టి కంప్యూటర్ వెనకున్న చిన్న ఎర్ర స్విచ్చిని 115 నుంచి 230కి జరిపాకే ప్లగ్గు పెట్టాను. మరచిపోతే ఢాం అని పేలి పొగ వస్తుంది. ఓ చవకరకం యూపీఎస్ కూడా కొనిచ్చి, ఇక దిగులు లేదనుకుంటూ విమానం ఎక్కేశాను.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. మైకు పెట్టి, అమ్మ పాడే జోలపాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు రికార్డు చెయ్యడం మొదలుపెట్టారు. ఆర్నెల్లలో నలభై దాటాయి.

ఆదివారం ఫోన్లో ఒకటే మాట. "ఒరేయ్, పొద్దుగూకితే చాలు, నీ డబ్బా కుయ్‌కుయ్‌మంటోందిరా. కరెంటేమో పోలేదు, బల్బు మాత్రం గుడ్డిగా వెలుగుతోంది."

"అది మామూలే నాన్నా" అనేవాణ్ణి.

మామూలు కాదు. ఊళ్ళో మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే వోల్టేజి 170కి పడిపోయేది. నేను కొన్న రకం యూపీఎస్‌కి వోల్టేజిని సరిచేయడం రాదు. తగ్గగానే బ్యాటరీ మీదికి మారిపోతుంది. కరువొస్తే పనికొస్తాయని దాచిన గాదెలో గింజల్ని రోజూ వండుకు తిన్నట్టన్నమాట! ఒక సాయంత్రం కరెంటు నిజంగానే పోయింది. గాదె ఖాళీ. నాన్న పాట సేవ్ చేస్తుండగానే కంప్యూటర్ ఆగిపోయింది. హార్డ్ డిస్క్ మళ్ళీ తెరుచుకోలేదు.

అంతకుముందు సరదాకి సీడీ మీద ఎక్కించిన పదకొండు పాటలే మిగిలాయి. "పోతే పోనీరా, మళ్ళీ పాడతాలే" అంది అమ్మ. కొన్ని పాడింది. 2009లో అమ్మ పోయింది. మిగతా పాటలు ఇంకెవరికీ రావు.

క్లయింట్ సర్వర్ నుంచి చిన్న హెచ్చరిక వస్తే అర్ధరాత్రి లేచి చూసేవాణ్ణి. నాన్న ఆర్నెల్లు చెప్పినా వినలేదు.

ఇప్పుడు నాన్న దగ్గరున్నది లైన్ ఇంటరాక్టివ్ రకం. అందులో ఏవీఆర్, అంటే వోల్టేజిని తనంతట తాను సరిచేసే ఏర్పాటు, ఉంటుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజి తగ్గితే పెంచుతుంది, పెరిగితే తగ్గిస్తుంది. బ్యాటరీ జోలికి పోదు. మన ఫ్రిజ్ స్టెబిలైజర్ చేసే పనే! మొన్న ఇండియా వెళ్ళినప్పుడు మా అమ్మాయి "తాతయ్యా, ఆ టక్‌టక్ ఏమిటి?" అంటే, "దాని ఉద్యోగం అది చేసుకుంటోందమ్మా" అన్నారు నాన్న.

సెలవులకి వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఇక్కడి వస్తువు పట్టుకెళ్తుంటే అడాప్టర్ మీద 100-240 అని ఉందో లేదో చూడండి. యూపీఎస్ కొనేటప్పుడు ఏవీఆర్ ఉందా అని అడగండి. బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్ళు, వేడిలో ఇంకా తక్కువ, వెళ్ళినప్పుడల్లా పరీక్షించండి. లేజర్ ప్రింటర్‌ని దానికి తగిలించకండి. మూడు పిన్నుల ప్లగ్గుంటే చాలదు, గోడలో ఎర్తింగ్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. అన్నిటికన్నా ముఖ్యం, పెద్దవాళ్ళ గొంతులకీ ఫోటోలకీ ఇంకో కాపీ మరో చోట ఉంచండి. యూపీఎస్ ఎంత మంచిదైనా ఆ కాపీకి సాటిరాదు.

నాన్న ఇప్పటికీ ఫోన్లో, "ఇవాళ డబ్బా కూసిందిరా" అంటుంటారు. నేను చేతిలో పని పక్కనపెట్టి, "మీటరు ఎంత చూపిస్తోంది నాన్నా?" అని అడుగుతాను.